పదకొండూ ఇరవై ఒకటికి తీసిన బొమ్మలు

"మీరు అడిగిన సాక్ష్యం ఇదుగో, ఇన్‌స్పెక్టర్ గారూ. చూసుకుని సంతకం పెట్టేస్తే ఎవరి పనులు వాళ్ళం చేసుకోవచ్చు," అన్నాడు డాక్టర్ సెవెర్ మిహుత్.

పాత రేవు గుండె ఆసుపత్రి మొదటి థియేటర్‌లో వాళ్ళిద్దరే ఉన్నారు. టైము పదీ ఇరవై. ఆ రోజు ఆ థియేటర్‌లో ఆపరేషన్ లేదు. పక్కనున్న రెండో థియేటర్‌లో మాత్రం ప్రొఫెసర్ లివియు ఒప్రెయా ఎనిమిదిన్నర నుంచి ఒక గుండె ఆపరేషన్ చేస్తున్నాడు. గోడ అవతల నుంచి యంత్రాల చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్ స్మరాండా గావ్రిల్ వెంటనే ఎకో యంత్రం తెర వైపు చూడలేదు. ముందు గోడకున్న ఫోను చూసింది. దాని పక్కన రోగుల పరీక్ష ఫలితాలు రాసే తెల్ల బోర్డు చూసింది. తలుపు దగ్గర కార్డు పెట్టే పెట్టె చూసింది. బోర్డు మీద పాత రాతలు లేవు. ఎవరో స్పిరిట్‌తో గట్టిగా తుడిచినట్టు ఒక మూల రంగు కూడా పోయింది.

చనిపోయినవాడు డాక్టర్ కొర్నేల్ సాల్కా. ఆపరేషన్‌లో మత్తు ఇచ్చి, గుండె ఎలా కొట్టుకుంటోందో ఎకో యంత్రంలో చూసి సర్జన్‌కి చెప్పేది ఆయనే. నవంబరు పన్నెండున రేవులో క్రేన్ నడిపే స్టెలియాన్ అనే అతని గుండెకి ఇక్కడే ఒప్రెయా వాల్వు బాగుచేశాడు. ఆ తరువాత నాలుగో రోజున సాల్కాకి వైరస్ జ్వరం వచ్చింది. ఇరవై ఎనిమిదిన పోయాడు. స్టెలియాన్ మాత్రం బతికాడు, ఈ పాటికి ఇంట్లో కూర్చుని సూప్ తాగుతున్నాడు.

విచారణ జరపమని ఆసుపత్రి మిహుత్‌కే చెప్పింది. మత్తు విభాగానికి పెద్ద ఆయనే. రెండు పేజీల్లో తేల్చేశాడు: సాల్కా తన నియమాన్ని తనే తప్పాడు, ల్యాబ్ నుంచి వైరస్ పరీక్ష ఫలితం రాకముందే రోగి గొంతులో ఎకో యంత్రపు ప్రోబ్ దింపాడు, పైగా గట్టి మాస్కు తీసేశాడు, తప్పు ఆయనదే. ప్రాసిక్యూటర్‌కి ఆ కాగితం నచ్చింది. సాల్కా భార్య దొయినాకి నచ్చలేదు. రొట్టె కొనడానికి వెళ్ళొచ్చినా కోటు బాల్కనీలో ఆరేసేవాడు, అలాంటి మనిషి మాస్కు తీశాడంటే నేను నమ్మను అని ఆమె పోలీసులకి రాసింది. రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా స్మరాండాకి గడువు ఉంది. ఆ తరువాత ఫైలు మూసేస్తారు.

"ఆ నియమం ఏమిటో మీ నోటితో ఒకసారి చెప్పండి," అంది స్మరాండా.

మిహుత్ విసుగ్గానే చెప్పాడు. ఆపరేషన్‌లో గుండెని ఎకోలో చూడాలంటే మామూలుగా పొడవాటి నల్ల ప్రోబ్‌ని రోగి నోట్లోంచి లోపలికి దింపి, గుండెని వెనక నుంచి చూస్తారు. కానీ దాన్ని దింపేటప్పుడూ తీసేటప్పుడూ గొంతులోని తుంపరలు గాల్లోకి లేస్తాయి. రోగికి వైరస్ ఉంటే ఆ గాలి పీల్చిన ప్రతివాడికీ ముప్పే. అందుకని సాల్కా వసంతంలోనే పట్టుబట్టి ఇంకో పద్ధతి పెట్టించాడు. ఎలాగూ ఛాతీ తెరిచే ఉంటుంది కదా, చిన్న ప్రోబ్‌కి శుభ్రమైన తొడుగు తొడిగి సర్జన్ చేతికిస్తే ఆయన దాన్ని నేరుగా గుండె మీద ఆనిస్తాడు. మత్తు డాక్టరు తెర మీద చూస్తాడు. గొంతు జోలికే వెళ్ళక్కర్లేదు. ఫలితం తెలిసేదాకా ప్రతి రోగికీ ఇదే పద్ధతి.

"మంచి నియమమే. పెట్టినవాడే పాటించలేదు," అని మిహుత్ తెర మీద వేలు పెట్టాడు. "నవంబరు పన్నెండు నాటి బొమ్మల్లో ఇవి గుండె మీద పెట్టి తీసినవి. ఇక్కడి నుంచి చివరి ఏడూ గొంతులోంచి తీసినవి. అన్నీ సాల్కా కోడ్ మీదే ఉన్నాయి."

స్మరాండాకి గుండె బొమ్మలు చదవడం రాదు. అయితే యంత్రం పక్కన ఒక కాగితం అతికించి ఉంది. కొత్తగా వచ్చే డాక్టర్ల కోసం సాల్కా పెన్నుతో గీసి పెట్టినది. రెండు బొమ్మలు గీసి కింద రాశాడు: ముందు నుంచి చూస్తే తెర పైభాగాన కుడి కింది గది కనిపిస్తుంది, వెనక నుంచి చూస్తే తెర పైభాగాన ఎడమ పై గది కనిపిస్తుంది, తికమక పడకండి. ఆమె ఆ కాగితాన్నీ తెరనీ మార్చి మార్చి చూసింది. మిహుత్ చెప్పింది నిజమే. పదీ యాభై ఎనిమిది దాకా అన్నీ ముందు నుంచి తీసినవి. చివరి ఏడూ వెనక నుంచి తీసినవి.

ఆమె ఆ ఏడింటి మూలన ఉన్న టైము నోటుబుక్కులో రాసుకుంది. పదకొండూ ఇరవై ఒకటి నుంచి పదకొండూ ఇరవై ఆరు.

"సాల్కా కార్డు పదకొండూ ఐదుకి ఈ తలుపు దాటి బయటికి వెళ్ళింది. పదకొండూ నలభైకి తిరిగి లోపలికి వచ్చింది. మధ్యలో ఈ బొమ్మలు ఎలా తీశాడు?"

మిహుత్ కళ్ళు ఒక్క క్షణం ఆమె నోటుబుక్కు మీద ఆగాయి. ఒకరు తలుపు తీస్తే వెనక నలుగురు వస్తారు, ప్రతిసారీ కార్డు పెట్టరు, ఇది ఆసుపత్రే గానీ బ్యాంకు కాదు అన్నాడు.

"ఐసీయూ నుంచి పిలుపు వచ్చిందని సాల్కాని ఎవరో బయటికి పంపారని నర్సులు అన్నారు, ఎవరో మాత్రం చెప్పలేదు. నేను ఐసీయూలో అడిగాను. ఆ పూట ఆయన్ని ఎవరూ పిలవలేదట. పంపింది ఎవరు?"

"నాకేం తెలుసు? నేను ఆ రోజు ఈ గదిలోకే రాలేదు."

"అస్సలు రాలేదా?"

"అస్సలు రాలేదు. రాసుకోండి. మీరు దొంగల్ని పట్టుకునే మనిషి, ఇన్‌స్పెక్టర్ గారూ. ఇక్కడ దొంగలు లేరు. అలిసిపోయిన డాక్టర్లున్నారు. విచారణ నాది, అయిపోయింది. మీరు చేస్తున్నది పోయినవాడి భార్యని ఓదార్చడం."

"ఓదార్చడం నాకు చేతకాదు," అంది స్మరాండా. "ఇంకోటి చెప్పండి. ల్యాబ్ ఫలితం మధ్యాహ్నం రెండున్నరకి వచ్చిందని మీ రిపోర్టులో రాశారు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో మాత్రం ల్యాబ్ నుంచి ఈ ఫోనుకి పదీ పన్నెండుకే కాల్ వచ్చినట్టు ఉంది. ముప్పై ఎనిమిది సెకన్లు మాట్లాడారు."

ల్యాబ్‌వాళ్ళు రోజుకి యాభైసార్లు ఫోన్ చేస్తారు, దేనికి చేశారో ఎవరికి గుర్తుంటుంది అన్నాడు మిహుత్. వాళ్ళకి గుర్తుందని స్మరాండా అతనికి చెప్పలేదు. పాజిటివ్ అని రెండుసార్లు చెప్పామనీ, అవతల పలికింది మగ గొంతనీ ల్యాబ్ అమ్మాయి నిన్ననే వాంగ్మూలం ఇచ్చింది. పేరు మాత్రం తెలియదంది.

అప్పుడే మిహుత్ జేబులో ఫోను మోగింది. అతను నంబరు చూసి, ఇప్పుడే వస్తానని బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. స్మరాండా రెండు నిమిషాలు చూసి, పరికరాలు కడిగే గది ఎటు అని ఒక నర్సుని అడిగింది.

ఆ గది నడవా చివర ఉంది. అందులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడని ఆసుపత్రి అంతా రెగీనా అత్త అంటారు. పొట్టిగా, బలంగా ఉంటుంది. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని తొట్టి ముందు నిలబడి ఉంది. పోలీసు కార్డు చూడగానే చేతులు తుడుచుకుని, నేను కడగడం తప్ప ఇంకేం ఎరగను అంది.

స్మరాండా కుర్చీ లాక్కుని కూర్చుంది. నవంబరు పన్నెండున పొడవాటి ప్రోబ్ కడగడానికి వచ్చిందా అని అడిగింది. రోజూ ఏవేవో వస్తుంటాయి, గుర్తులేదు అంది రెగీనా. కడిగే యంత్రంలో లెక్క ఉంటుంది కదా అంటే, ఆ రోజు యంత్రం చెడిపోయింది, చేత్తో కడిగాను అంది. అంత గుర్తున్న మనిషికి మిగతాది గుర్తు లేకపోవడం స్మరాండాకి వింతగా అనిపించింది. కానీ ఆ మాట అనలేదు. ఎప్పుడు జబ్బుపడ్డారు అని అడిగింది.

రెగీనా చెయ్యి ఆగిపోయింది.

"నేను జబ్బుపడ్డానని మీకెవరు చెప్పారు?"

"సెలవు కాగితం చూశాను. నవంబరు పదిహేడు నుంచి పది రోజులు."

ఆవిడ వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. తొట్టి పైనున్న అరలోంచి నూనె మరకలున్న ఒక పాత నోటుబుక్కు తీసింది. యంత్రం మీద తనకి నమ్మకం లేదట. ఏ వస్తువు ఎప్పుడు వచ్చిందో, ఎవరు తెచ్చారో ఇరవై రెండేళ్ళుగా తన చేత్తో రాసుకుంటోంది. ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు.

"నా మీద రాదు కదా తల్లీ? నాకింకా రెండేళ్ళు సర్వీసు ఉంది."

"మీరు నిజం చెబితే మీ మీదికి రాదు. రానివ్వను."

రెగీనా పేజీ తిప్పి వేలు పెట్టింది. నవంబరు పన్నెండు, పదకొండూ యాభై ఐదు, పొడవాటి ప్రోబ్, మొదటి థియేటర్. తెచ్చినవారు అన్న చోట పెన్సిలుతో ఒక పేరు ఉంది. స్మరాండా రెండుసార్లు చదివింది. డాక్టర్ మిహుత్.

"ఇన్నేళ్ళలో ఒక్క డాక్టరు కూడా తన చేత్తో ఏదీ ఇక్కడికి మోసుకురాలేదు," అంది రెగీనా. "నర్సులు పెట్టెలో పెట్టి పంపుతారు. ఈయన తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు. మూతికి ఆ గట్టి మాస్కు, రెండు తాళ్ళది. బాబూ, రోగికి జబ్బేమైనా ఉందా అని అడిగాను. లేదత్తా, ఫలితం వచ్చింది, నెగెటివ్, మామూలుగా కడిగెయ్ అన్నాడు. ఆ మాట నమ్మి పల్చటి మాస్కుతో చేత్తో కడిగాను. అయిదో రోజుకి మంచం పట్టాను. నేను లేచాను. మా అత్తగారు లేవలేదు."

ఆ చివరి మాట ఆవిడ తొట్టి వైపు తిరిగి అంది.

ఎప్పుడు జరిగిందని స్మరాండా అడిగింది. ఆదివారం పాతిపెట్టాం, పదిమంది కంటే రానివ్వలేదు అంది రెగీనా. ఆ పేజీకి ఫొటో తీసుకుని, నోటుబుక్కుని కవర్లో పెట్టి, రెగీనా చేత సంతకం పెట్టించుకుని స్మరాండా నడవాలోకి వచ్చింది. ఇప్పుడు లెక్క తేలికగా ఉంది. ఫలితం రెండున్నరకి వచ్చిందని రాసినవాడే పదకొండూ యాభై ఐదుకి ఫలితం వచ్చిందని చెప్పాడు. ఆ గదిలోకే రాలేదన్నవాడు ఆ గదిలోంచి ప్రోబ్ మోసుకొచ్చాడు. పదీ పన్నెండుకి ఫోనెత్తిన మగ గొంతు కూడా అతనిదే అయి ఉండాలి. మరి పాజిటివ్ విని నెగెటివ్ అని ఎందుకు చెప్పాడు?

మిహుత్ రెండో థియేటర్ బయట, అద్దాల తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. స్మరాండా దగ్గరికి వెళ్ళి పేజీ ఫొటో చూపించింది. అతను చదివాడు. కోపం రాలేదు. భుజాలు కిందికి జారాయి, అంతే.

"రెగీనా అత్త రాతలు," అన్నాడు. "దేవుడి దగ్గర కూడా పనికొస్తాయి అవి."

"ఫోనెత్తింది మీరు. బోర్డు మీద నెగెటివ్ అని రాసింది మీరు. సాల్కాని ఐసీయూకి పంపిందీ మీరే."

మిహుత్ కాదనలేదు. ఆ రోజు పదీ యాభై ఎనిమిదికి గుండె మీద నుంచి చూసినప్పుడు వాల్వులో ఇంకా సన్నగా రక్తం వెనక్కి కారుతోందట. వెనక నుంచి చూస్తేనే ఎంత కారుతోందో తేలుతుంది అన్నాడు ఒప్రెయా. సాల్కా ససేమిరా వద్దన్నాడు, నెగెటివ్ అయినా సరే ఒక్క పరీక్షని నమ్మనన్నాడు. అందుకని మిహుత్ అతన్ని పిలుపు వచ్చిందని బయటికి పంపి, యంత్రంలో సాల్కా కోడ్ అలాగే ఉండగా తనే గొంతులో ప్రోబ్ దింపి చూశాడు. గంటదాకా రాడనుకున్నాడు. సాల్కా అరగంటకే వచ్చాడు. బోర్డు మీద నెగెటివ్ అని ఉంది, గొంతు జోలికి ఎవరూ వెళ్ళలేదనే అతని నమ్మకం. దాంతో గాల్లో తుంపరలు ఉండవనుకుని గట్టి మాస్కు లేకుండానే రోగి ముఖం మీదికి వంగి శ్వాస గొట్టం సరిచేశాడు.

"అప్పుడైనా చెప్పి ఉండాల్సింది," అంది స్మరాండా.

"నోరు తెరిచాను. మాట రాలేదు."

ఆమె అతని ముఖం వైపు చూసింది. పావుగంట క్రితం మొదటి థియేటర్‌లో ఇతని ముఖానికి ఉన్నది పల్చటి నీలం మాస్కు. ఇప్పుడు రెండు తాళ్ళ గట్టి మాస్కు ఉంది. ముక్కు మీద ఇంకా గుర్తు కూడా పడలేదు. అంటే ఇప్పుడే పెట్టుకున్నాడు.

"ఇందాక మీకు వచ్చిన ఫోను ల్యాబ్ నుంచేనా?"

మిహుత్ చూపు అద్దంలోంచి లోపలికి వెళ్ళింది. స్మరాండా కూడా చూసింది. బల్ల మీద రోగి ఛాతీ తెరిచి ఉంది. ఒప్రెయా వంగి ఉన్నాడు. రోగి తల దగ్గర సాల్కా స్థానంలో వచ్చిన డాక్టర్ ఇలింకా నిలబడి ఉంది. ఆమె ముఖానికి పల్చటి మాస్కు. చేతిలో పొడవాటి నల్ల ప్రోబ్ ఉంది. దాని కొసకి జెల్లీ రాస్తోంది.

"ఇవాళ్టి రోగికి ఏం వచ్చింది, డాక్టరు గారూ?"

"పాజిటివ్," అన్నాడు మిహుత్ నేల చూస్తూ.

స్మరాండా అద్దాన్ని అరచేత్తో కొట్టి, గోడకున్న మైకు మీట నొక్కింది. "డాక్టర్ ఇలింకా, ఆ ప్రోబ్ కింద పెట్టండి. రోగికి పాజిటివ్. ల్యాబ్ పావుగంట క్రితమే చెప్పింది."

లోపల అందరూ ఆగిపోయారు. ఒప్రెయా మాత్రం తల ఎత్తలేదు.

"ఎవరది?" అంది అతని గొంతు మైకులోంచి.

"పోలీసు. స్మరాండా గావ్రిల్."

"నా థియేటర్‌లోకి మీ గొంతు కూడా రాకూడదు. ఇలింకా, కానివ్వు. నేను వాల్వు చూడాలి."

ఇలింకా కదల్లేదు. ప్రోబ్ గాల్లోనే పట్టుకుని ముందు బోర్డు వైపు చూసింది, తరువాత అద్దం వైపు చూసింది. బోర్డు మీద ఆ రోజు ఇంకా ఏమీ రాయలేదు.

"ఆవిడ ఏం చెబుతోందో నీకు తెలుసా, ఇలింకా?" అన్నాడు ఒప్రెయా. ఈసారి గొంతు తగ్గింది. "థియేటర్‌లో ఇంకో పాజిటివ్ అని పైకి తెలిస్తే ఈ అంతస్తు మూసేసి వైరస్ వార్డు చేస్తారు. ఆర్డరు సిద్ధంగా ఉంది. ఆపరేషన్ కోసం నా జాబితాలో నలభై ఒక్కమంది ఉన్నారు. మార్చి దాకా ఒక్కడూ మిగలడు. వాళ్ళ ఇళ్ళకి మీరు వెళ్ళి చెబుతారా, ఇన్‌స్పెక్టర్?"

నలభై ఒకటి అన్న సంఖ్య చిన్నది కాదు. కానీ రెగీనా తొట్టి వైపు తిరిగి అన్న మాట ఇంకా స్మరాండా చెవుల్లోనే ఉంది.

"చెబుతాను," అంది. "కానీ ఇలింకా గారికి చెప్పకుండా ఆమె ప్రాణంతో పందెం కట్టే హక్కు మీకు లేదు."

ఇలింకా ప్రోబ్‌ని ట్రేలో పెట్టింది. రోగి తల దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి వేసి, అరలోంచి గట్టి మాస్కు తీసి రెండు తాళ్ళూ బిగించుకుంది. నర్సులందరినీ అదే చెయ్యమని సైగ చేసింది. తరువాత సాల్కా పోయాక ఎవరూ ముట్టని అలమార తెరిచి చిన్న ప్రోబ్ బయటికి తీసింది. దానికి తొడుగు తొడిగించి ఒప్రెయా ముందు పెట్టించింది.

"మీరే పెట్టండి, ప్రొఫెసర్ గారూ. గుండె మీద," అంది. "కొంచెం ఎడమకి వంచితే వాల్వు బాగానే కనిపిస్తుంది. సాల్కా గారు నేర్పించారు."

ఒప్రెయా ఆమెని చాలాసేపు చూశాడు. ఇద్దరి మధ్యా తెరిచిన ఛాతీలో మనిషి గుండె కొట్టుకుంటోంది. చివరికి అతను చెయ్యి చాపి ప్రోబ్ అందుకున్నాడు. తెర మీద బొమ్మ కదిలింది. కారడం లేదు, సరిగ్గా మూసుకుంటోంది అని ఇలింకా చదివి చెప్పింది.

స్మరాండా మీట మీద నుంచి వేలు తీయబోయింది. అప్పుడు ఒప్రెయా, కళ్ళు తెర మీదే ఉంచి, మళ్ళీ మాట్లాడాడు.

"నా బల్ల దగ్గర ఫలితాలు వినిపించొద్దని మాత్రమే నేను చెప్పాను, ఇన్‌స్పెక్టర్. అబద్ధం రాయమని చెప్పలేదు. అది ఎన్నిసార్లు రాశాడో నేను ఎప్పుడూ అడగలేదు. మీరు అడగండి."

స్మరాండా వెనక్కి తిరిగింది. మిహుత్ గోడకి చేరగిలబడి నేల మీద కూర్చున్నాడు. మాస్కు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు?" అని అడిగింది.

అతను ముందు నాలుగు వేళ్ళు చూపించాడు. మనసులో ఏదో లెక్క చూసుకున్నట్టు ఆగి, అయిదో వేలు కూడా విప్పాడు.

"సాల్కాది రెండోసారి," అన్నాడు. "మిగతా రోజుల్లో ఆ గదిలో ఎవరెవరున్నారో వాళ్ళకి ఇంకా తెలియదు."

స్మరాండా నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి అతని పక్కనే నేల మీద కూర్చుంది. మొదటి తారీఖు చెప్పమంది.